పల్లకీ కాళ్లు

రాజులూ పల్లకీలూ ఉన్న రోజులనుకోండి. పొరుగు రాజు సంధికి ఒప్పుకున్నాడన్న కబురు అందరికన్నా ముందు మోసుకొచ్చినందుకు రాయబారి చెంగల్రాయుడు గారికి రాజుగారు బంగారు కడియం తొడిగారు. బాగానే ఉంది. కానీ ఆ తొందరలో ఆయన పల్లకీ గాజులమ్మే నాంచారమ్మను గుద్దేసింది. పాపం, ఆమె మణికట్టు విరిగింది. "ఆగొద్దు, పరిగెత్తండి!" అన్నారాయన తెర లోపలి నుంచి. బోయీలు ఆగలేదు.

మర్నాడు నాంచారమ్మ కొలువులో మొరపెట్టుకుంది. పల్లకీ ముందువైపు మోసే గంగులు ఆమె చేతికట్టు వంక చూడలేక తల దించుకున్నాడు.

"నేను లోపల కూర్చున్నాను ప్రభూ! నా కాలు నేలకు తగిలితే ఒట్టు. పరిగెత్తింది ఈ బోయీలు. వీళ్లను కొట్టించండి" అన్నారు రాయుడు గారు.

రాజుగారు తలూపారు. దెబ్బ పడకముందే గంగులు వీపు చురుక్కుమంది.

నాంచారమ్మ ముందుకొచ్చింది. "అలాగైతే ఆ కడియం కూడా బోయీలకే ఇప్పించండి ప్రభూ. కబురుతో ముందుగా చేరిన కాళ్లు వాళ్లవే కదా!"

కొలువంతా గొల్లున నవ్వింది. రాయుడు గారు కడియం తడుముకున్నారు. వదులుకోలేక, "తప్పు నాదే" అని గొణిగారు. వైద్యమూ, చెయ్యి నయమయ్యేదాకా ఆమె ఇల్లు గడిచే భారమూ ఆయన మీదే పెట్టారు రాజుగారు.

బయటికొచ్చాక గంగులు దణ్ణం పెట్టాడు. "నన్ను కాపాడావు తల్లీ!"

"ఉండయ్యా. కింద పడి నేను పెట్టిన కేక నీకు వినబడిందా?"

"వినబడింది."

"తప్పు ఒప్పుకున్నాడు కాబట్టి పరిగెత్తిన కాళ్లు ఆయనవే, సరే. మరి ఆ చెవులెవరివి?"