పసుపు పెట్టిన పాతచొక్కా

అనగనగా, మరీ అంత అనగనగా ఏం కాదులే, ఒక ఊరు. ఆ ఊరి పేరు కొత్తూరు. ఆ చుట్టుపక్కల దానంత పాత ఊరు ఇంకోటి లేదు. మరి కొత్తూరని ఎందుకన్నారో నాకు తెలీదు, నువ్వు అడక్కు. ఊ కొట్టు చాలు.

ఆ ఊళ్ళో 1958వ సంవత్సరం జులై 24, గురువారం పొద్దున్న ఏడున్నరకి ఒక పిల్లాడు పుట్టాడు. అప్పటికి ముసురు పట్టి నాలుగు రోజులు. ఎండ లేదు. అలాగని గట్టి వానా లేదు. చూరు నుంచి నీళ్ళు కారడం మాత్రం ఆగలేదు. దండెం మీద బట్టలు ఆరక ముక్కవాసన వేస్తున్నాయి. పైగా అది అధిక శ్రావణం. అధికమాసం కదా, అనుమానాలు కూడా అధికంగానే వచ్చాయి.

ఆ పిల్లాడి అమ్మమ్మ పేరు సీతారత్నం. అందరూ రత్నం అనేవాళ్ళు. కూతురు ఇందుమతి పురిటికి పుట్టింటికొచ్చి, మూడు వారాల ముందే కనేసింది. పిల్లాడు పిల్లికూనంత ఉన్నాడు. మంత్రసాని గౌరమ్మ వాడి అరికాళ్ళు తడిమి చూసి మొహం అదోలా పెట్టింది.

"రత్నమ్మా, వీడికి ఒంట్లో వేడి నిలవట్లేదు. గుడ్డ చుడితే తన్నేస్తున్నాడు. చేతులున్న చొక్కా ఏదైనా తొడుగు. ఈ చలికి వట్టి ఒంటితో ఉంచితే నేను హామీ ఇవ్వలేను" అంది.

చొక్కాయే కదా అనుకుంది రత్నం. అప్పుడు పక్క గదిలోంచి అత్తగారు పేరమ్మగారు కేకేసింది.

"ఒసే రత్నం! కొత్తబట్ట తగలనివ్వకు. బారసాల దాకా పాతదే."

మన వైపు ఆచారం అది. పుట్టిన పిల్లలకి ఇరవయ్యొకటో రోజు దాకా పాతబట్టే కడతారు. ఎందుకూ అంటే ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తారు. కొత్తబట్టలో గంజి ఒరుసుకుంటుందని మా మేనమామ అనేవాడు. కొత్తబట్ట కడితే పిల్లాడి మీద దేవుడి చూపు పడుతుందని మా అమ్మ అనేది. దేవుడి చూపు పడితే మంచిదే కదా అన్నానొకసారి. నోరు మూసుకోమంది. సరే, కథలోకి వద్దాం.

రత్నం ఆడపడుచు మాణిక్యాంబ పరుగున వెళ్ళి, ఎదురింటివాళ్ళ పాతచొక్కా ఒకటి అడిగి తెచ్చింది. "ఏడుగురు పిల్లలు తొడిగి విప్పిన చొక్కా వదినా, ఇంతకంటే పాతది ఊళ్ళో దొరకదు" అంది. నిజమే. కానీ దాని లోపల కుట్లన్నీ గరుకు. కోసిన అంచులు పోగులు లేచి, చంకల్లో చీపురులా ఉన్నాయి. తొడిగిన గంటకి పిల్లాడు గుక్కపట్టి ఏడ్చాడు. విప్పి చూస్తే చంకల కింద ఎర్రటి గీతలు. నెలలు నిండని చర్మం కదా, ఉల్లిపొరలా ఉంది.

అప్పుడు రత్నం, నేనే కుడతాను అంది.

రత్నం కుట్టు గురించి ఒక్క మాట చెప్పాలి. చిన్నప్పుడు బళ్ళో తెరేసమ్మ టీచరని ఒకావిడ కుట్టు నేర్పేది. ఆవిడ ఏ గౌను తెచ్చినా ముందు తిరగేసి చూసి మార్కులు వేసేది. "పైన చూసేది ఊరు, లోపల చూసేది ఒళ్ళు. ఊరికేం, అరనిమిషం చూసి పోతుంది" అనేది. ఆవిడ లెక్కలు కూడా చెప్పేది గాని అవి ఎవరికీ అర్థమయ్యేవి కాదు. రత్నానికి లెక్కలు పోయాయి, కుట్టు మిగిలింది.

సరే, ఇప్పుడు రత్నం తన భర్త కామేశంగారి పాత పంచె ఒకటి తీసింది. ఉతికి ఉతికి వెన్నలా అయిన పంచె. చొక్కా కోసింది. మామూలుగా అందరూ రెండు ముక్కలూ తిరగవైపు పైకి పెట్టి ఒక్క కుట్టు వేసి వదిలేస్తారు. రత్నం అలా కాదు. ముందు మంచివైపు పైకి పెట్టి సన్నగా ఒక కుట్టు వేసింది. అంచు కత్తిరించింది. అప్పుడు తిరగేసి, ఆ అంచు మడత లోపల దాక్కునేలా రెండో కుట్టు వేసింది. కుట్టు కుట్టుకీ వేడినీళ్ళు పోసిన ఇత్తడి చెంబుతో రుద్దింది. గుండీలు పెట్టలేదు, ఒత్తుకుంటాయని. అదే బట్టతో నాలుగు నాడాలు పెట్టింది. అయ్యాక చూసుకుంటే, ఏది లోపలో ఏది బయటో రత్నానికే తెలియలేదు.

చొక్కా మంచం మీద పెట్టి రత్నం పాలు కాచడానికి వెళ్ళింది. అప్పుడు మాణిక్యాంబ ఆ గదిలోకొచ్చింది. తళతళలాడే చొక్కా కనబడింది. కొత్తబట్ట కనబడితే మూల పసుపు పెట్టడం మాణిక్యాంబకి చేతి అలవాటు. ఆలోచన ఉండదు, వేలే వెళ్ళిపోతుంది. చక్కగా నాలుగు మూలలా పసుపు పెట్టేసింది.

రత్నం వచ్చి చూసి నెత్తి కొట్టుకుంది. "ఏం పని చేశావు మాణిక్యం! ఇది మీ అన్నయ్య పాత పంచె!"

"పాతదా? అయ్యో వదినా, పాతది పాతదానిలా ఉండాలి గానీ!"

అప్పుడు రత్నం గబగబా సబ్బు పెట్టి ఉతికింది. సబ్బు తగిలితే పసుపు ఏమవుతుందో తెలుసా? ఎర్రబడుతుంది. నాలుగు పసుపు బొట్లూ నాలుగు కుంకుమ బొట్లయ్యాయి. ఎండలో వేస్తే వెలిసిపోతాయి. కానీ ఎండేదీ? చూరు కారుతూనే ఉంది.

పేరమ్మగారికి రెండు కళ్ళకీ శుక్లాలు. మనిషి ఉన్న సంగతి తెలుస్తుంది గాని మనిషి తెలీదు. అందుకని ఏదైనా వేళ్ళతో చూసేది, చెవులతో తేల్చేది. పసుపు పెట్టిందీ, అది ఎర్రబడిందీ మాణిక్యాంబ కేకల్లో అప్పటికే విని కూర్చుంది. చొక్కా చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తడిమింది.

"తిరగవైపు ఏదే?"

"రెండు వైపులా ఒకటే అత్తయ్యగారూ."

"తిరగవైపు లేని పాతచొక్కా ఎక్కడుంటుందే? పసుపు పెట్టారు, కుంకుమా పెట్టారు. ఇక తాంబూలం ఒక్కటే తక్కువ. ఇది కొత్తది. తీసెయ్."

కామేశంగారిని పిలిచి, ఇది మీ పంచే కదా, చెప్పండి అంది రత్నం. ఆయన చొక్కా చూసి, పంచె గుర్తుకు తెచ్చుకుని, మళ్ళీ చొక్కా చూశాడు. "నా పంచె ఇంత బాగుండేది కాదే" అన్నాడు. ఇంకేముంది.

పిల్లాణ్ణి అప్పటినుంచీ ఇందుమతీ రత్నమూ వంతులేసుకుని గుండెకి అదుముకుని కూర్చున్నారు. పక్కన పడుకోబెడితే చాలు, కాళ్ళు చల్లబడుతున్నాయి.

ఆ తర్వాత, నాలుగో రోజున, రత్నం పేరమ్మగారి పెట్టెలోంచి ఆవిడ కట్టి వదిలేసిన నీలం గళ్ళ నేతచీర ఒకటి తీసింది. తలుపు గడియ పెట్టుకుని కుట్టింది, ఎవరూ పసుపు పెట్టకుండా. ఈసారి కావాలని కాస్త మోటుగా కుడదామనుకుంది. ఒక్క అంచు మడవకుండా వదిలేద్దామనుకుంది. చెయ్యి వింటేనా? వదిలేసిన అంచుని చూస్తే ఒంటి మీద జెర్రి పాకినట్టనిపించింది. మడిచేసింది. గళ్ళు కూడా కుట్టు దగ్గర తప్పకుండా కలిపేసింది.

పేరమ్మగారు తడిమింది. చాలాసేపు తడిమింది.

"ఇది నా చీరేనా?"

"మీదే. మీ పెట్టెలోదే. వాసన చూడండి, మీ కర్పూరం ఉండలు."

"సరే, బట్ట నాదే. దారమో?"

రత్నం తెల్లబోయింది. "దారం... రీలుది."

"ఎప్పటి రీలు?"

అబద్ధం ఆడదామనుకుంది గాని నోరు రాలేదు. "నిన్న విప్పాను."

"మరి!"

"దారానికి కూడానా అత్తయ్యగారూ! పిల్లాడు చల్లబడిపోతుంటే దారం కొత్తదా పాతదా అని చూస్తారా ఎవరైనా? ఇరవై రెండేళ్ళు కాపరం చేశాను ఈ ఇంట్లో, ఇంత మూర్ఖం..." అని ఆగిపోయింది. అంత మాట ఎప్పుడూ అనలేదు మరి.

పేరమ్మగారు కోప్పడలేదు. చొక్కా ఒళ్ళో పెట్టుకుని, వాన వైపు మొహం తిప్పింది.

"కామేశానికి ముందు నాకొక పిల్లాడు రత్నం. నీకు ఎవరూ చెప్పి ఉండరు. వాడూ ముందే పుట్టాడు. మా అమ్మ చీర చింపి, పాతబట్టతోనే చొక్కా కుట్టాను. పాత చాప, పాత బొంత. అన్నీ పాతవే. తొమ్మిదో రోజుకి వాడు లేడు. మరి ఏ కొత్తది తగిలింది వాడికి? యాభై ఏళ్ళుగా వెతుకుతున్నాను. ఒక్కటే దొరికింది. దారం కొత్తది."

దారం వల్ల పిల్లలు పోరని రత్నానికి తెలుసు. తెలిసినా, ఆ మాట ఆ మొహం చూస్తూ అనగలదా? తను చేసింది తప్పో, అత్తగారు అడిగింది తప్పో, అసలు తప్పనేది ఎక్కడుందో, అంతా కలగాపులగమైపోయింది. అన్నం వార్చబోయి గంజి ఉంచి అన్నం పారబోసింది కూడాను.

ఆ తర్వాత ఆవిడ ఆ నీలం చీరలో మిగిలిన ముక్క తెచ్చి అత్తగారి ఒళ్ళో వేసింది.

"ఇందులోనే ఇంకో చొక్కా కోస్తాను, మిగిలినదాంట్లోంచి పోగులు తీయండి. దాంతోనే కుడతాను."

పేరమ్మగారికి కళ్ళు లేకపోయినా వేళ్ళున్నాయి. పోగు వెంట పోగు లాగింది. పాత పోగు, పట్టుకుంటే తెగుతుంది. అందుకని రెండేసి పోగులు కలిపి, తొడ మీద వత్తిని పేనినట్టు పేనింది. రత్నం వాటికి మైనం రుద్దింది. కుట్టుమిషను మీద పెడితే పుటుక్కున తెగింది. మళ్ళీ పెడితే మళ్ళీ తెగింది. మూడోసారి మిషన్ మూత పెట్టేసి సూది తీసింది.

"సూదో?" అంది పేరమ్మగారు.

"నా పెళ్ళికి ముందుదండీ. తుప్పు కూడా ఉంది, చూస్తారా?"

"వద్దులే. నమ్మాను."

రెండు రోజులు అలా కూర్చున్నారు అత్తాకోడళ్ళు. ఆవిడ పేనడం, ఈవిడ కుట్టడం. మొదటి కుట్టు, తిరగేసి రెండో కుట్టు, చెంబుతో రుద్దడం. ఒక చోట కుట్టు వంకరపోతే రత్నం విప్పబోయింది. పేరమ్మగారికి పోగు జారిన చప్పుడు వినబడిందో ఏమో, "విప్పుతున్నావా? విప్పు. వాడి చంకలోకొచ్చేది అదే" అంది.

ఆరో రోజు పొద్దున చొక్కా అయింది. మాణిక్యాంబ చేతులు వెనక్కి కట్టుకుని దూరంగా నిలబడింది. పేరమ్మగారు చొక్కా అంతా తడిమింది. ఎక్కడా ఏమీ తగల్లేదు. అప్పుడు, "తొడగండి" అంది.

తొడిగారు. పిల్లాడు ఏడవలేదు. చేతులు రెండూ చాచి ఆవులించి పడుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నానికి అరికాళ్ళు వెచ్చబడ్డాయి. సరిగ్గా అప్పుడే ఎండ కూడా వచ్చింది. ఇక చూడు తగువు. పాతదారం మహిమ అంది పేరమ్మగారు. కుట్టు గుచ్చుకోలేదు గనక నిద్రపోయాడు, నిద్రపోయాడు గనక పాలు తాగాడు, అదీ సంగతి అంది ఇందుమతి. ఎండమ్మా ఎండ అంది గౌరమ్మ. రత్నం ఒకసారి ఇది నిజమనుకునేది, ఒకసారి అది నిజమనుకునేది. పిల్లాడి కాళ్ళు పట్టుకుని చూస్తే మాత్రం ఏదీ అనిపించేది కాదు, వెచ్చగా ఉన్నాయి, అంతే.

ఇరవయ్యొకటో రోజు పొద్దున స్నానానికని ఆ చొక్కా విప్పారు. విప్పగానే చంకలో పోగు తెగింది. ఆ తర్వాత భుజం. ఆ తర్వాత పక్కలు. రత్నం చేతిలో చొక్కా కాస్తా మొదట కోసిన ముక్కలుగానే విడిపోయింది. పాతదారం కదా, పదిహేను రోజులు ఓపిక పట్టింది. అప్పటికి ఇంటినిండా కొత్తచొక్కాలే. మాణిక్యాంబ అన్నిటికీ పసుపు పెట్టేసింది.

పేరమ్మగారు ఇంకో ఏడేళ్ళు బతికింది. పోయేముందు అందరినీ కూర్చోబెట్టి ఎవరికి ఏది ఇవ్వాలో చెప్పింది. కాసులపేరు మాణిక్యాంబకి. భోషాణం, గంగాళం కామేశానికి. నానుతాడు ఇందుమతికి. మునిమనవడికి వెండి ఉగ్గుగిన్నె. గౌరమ్మకి రెండు చీరలు. ఎర్రబొట్ల చొక్కా అప్పటికే మాణిక్యాంబ మనవడికి పోయింది, నీలం గళ్ళది గౌరమ్మ మనవరాలికి. పేనిన దారం చొక్కా ఎవరికీ రాలేదు, అది లేదు గనక.

"మరి రత్నానికోమ్మా?" అన్నాడు కామేశం.

"దానికేమివ్వనురా? ఏదిచ్చినా కొత్తది చేసేస్తుంది. పైనుంచి చూస్తే నాదని నాకే గుర్తు తెలీదు" అంది పేరమ్మగారు.

కాబట్టి రత్నానికి ఏమీ రాలేదు. అది మెచ్చుకోలో దెప్పుపొడుపో ఆవిడకి ఇప్పటికీ తేలలేదు.

పాతచీర గళ్ళు, పేనిన వేళ్ళు,
లోపలేదో బయటేదో తెలియని కుట్లు.
కథేమో కంచికి,
మనమేమో మంచానికి.