కాకుల మాట కాకే చెప్పాలి

అనగనగా కొండల నడుమ ఒక అడవి ఉండేది, పిల్లలూ. అందులో అందరికీ అక్కరకొచ్చే పనులు కొన్ని ఉండేవి. అడవిపందులు కాలువలు తవ్వేవి. పావురాలు కబుర్లు మోసేవి. కాకులు కుళ్ళినవన్నీ ఏరి అడవిని శుభ్రం చేసేవి. ఇవన్నీ కలిసి ఒక సంఘం పెట్టుకున్నాయి. దానికి పెద్ద భీమన్న అనే ఏనుగు. సింహరాజుతో మాట్లాడాలంటే భీమన్నే వెళ్ళేవాడు.

భీమన్న మంచివాడే. మిట్టమధ్యాహ్నం పనిచేయనక్కర్లేదని అందరి తరఫునా అడిగి సాధించాడు. కానీ కాకుల కష్టం వేరు. కుళ్ళు ఎత్తాక కడుక్కోవడానికి వాటికో మడుగు లేదు. అందరూ తాగే వాగులో దిగనివ్వరు. ఆ మురికి ముక్కులతోనే పిల్లలకు మేత పెట్టేవి. ఆ ఏడాది గూళ్ళలో జబ్బు పుట్టింది. పున్నమ్మ అనే కాకికి పుట్టిన పిల్ల ఒకటి కళ్ళు తెరవకుండానే పోయింది.

పున్నమ్మ సభలో ఈ సంగతి చెప్పింది. అక్కడ పందులే ఎక్కువ. కాలువగట్ల మాట ముందుకొచ్చి, కాకుల మాట వెనకబడింది. మళ్ళీ చెప్పింది. ఈసారి భీమన్న వెళ్ళి అడిగాడు. వాన నీళ్ళు చాలవా అని రాజు అంటే, ఏం బదులివ్వాలో ఆయనకు తోచలేదు. ఆయన ఏనాడూ కుళ్ళు ముట్టినవాడు కాదు మరి.

అది విని మంత్రి నక్క పున్నమ్మ దగ్గరికొచ్చింది. సంఘం వదిలేస్తే మడుగు తానిప్పిస్తానంది. తక్కిన కాకులు సరేనందామన్నాయి. పున్నమ్మ మనసూ ఊగింది. గూట్లో రెండో పిల్ల మూలుగుతోంది. కానీ నిరుడు విత్తనాలు నాటే ఉడతలు ఇలాగే విడిపోయాయి. నక్క మాట తప్పితే, వాటి పక్కన నిలబడి అడిగే దిక్కు లేకపోయింది.

"సంఘం వదలం. అందులో నోరు మూసుకుని కూర్చోం కూడా," అని వాటికి నచ్చజెప్పింది పున్నమ్మ.

మూడోసారి సభలో లేచి నిలబడింది. "భీమన్నా, నీ మీద కోపం లేదు. కానీ మా పనిలో కష్టం మాకే తెలుసు. పనికొక జట్టు కడదాం. జట్టుకొకరిని ఎన్నుకుందాం. ఆ పని మాటొచ్చినప్పుడు వాళ్ళు నీ పక్కన నిలబడి చెబుతారు. వెనక మనమంతా ఉందాం."

ఇలాగైతే సంఘం ముక్కలవుతుందని ఒక ముసలి పంది గొణిగింది.

"కొమ్మలు వేసినంత మాత్రాన చెట్టు చీలదు," అన్నాడు భీమన్న.

మర్నాడు అందరూ కలిసే వెళ్ళారు. ఈసారి పున్నమ్మే మాట్లాడింది.

"రాజా, వాన కొన్నాళ్ళే. కుళ్ళు ఏడాది పొడుగునా ఉంటుంది. నా బిడ్డ పోయింది. ఈ జబ్బు వాగులోకి చేరితే, ఆ నీళ్ళు మీ బిడ్డలూ తాగుతారు."

కాకుల గొడవతో తక్కినవాళ్ళకేం పని అని నక్క అడ్డుపడింది. భీమన్న ఒక్క అడుగు ముందుకేశాడు. మడుగు వచ్చేదాకా ఏ పనీ సాగదన్నాడు. పందులూ పావురాలూ కదలకుండా నిలబడ్డాయి. సింహం వాటిని చూసింది, పున్నమ్మను చూసింది. నల్లబండ పక్కన మడుగు తవ్వుకోమంది.

పందులే దగ్గరుండి తవ్వాయి. పున్నమ్మ అందులో మునిగి, ముక్కు కడుక్కుని గూటికి ఎగిరింది. మేత పెట్టింది. పిల్ల నోరు తెరిచి తిన్నది.

నీతి: ఎవరి కష్టం వాళ్ళే చెప్పాలి, దాన్ని తీర్చడానికి మాత్రం అందరూ ఒక్కటై నిలవాలి.