చాప మీద ఎవరు కూర్చోవాలి?

పాలగుట్ట రాజు కేతభూపతి జట్టు బిళ్ళంగోడులో పక్క రాజ్యం కొరవిగట్టు చేతిలో వరసగా మూడో ఏడూ ఓడిపోయింది. కొట్టడం రాక కాదు, పట్టడం రాక.

చివరి దెబ్బ దాకా పాలగుట్టదే పైచేయి. అప్పుడు ఒక ఆటగాడికి కాలు బెణికింది. అతని బదులు చాప మీంచి ఓబుళనాయుడు లేచాడు. బరి పక్కన ఒక తుంగచాప పరుస్తారు. బదులు ఆటగాడు కూర్చునేది దాని మీదే. కొరవిగట్టు వాళ్ళు కొట్టిన బిళ్ళ గాల్లో తేలుకుంటూ వచ్చి ఓబుళనాయుడి దోసిట్లోనే పడింది. పడి, జారిపోయింది.

పందెం ప్రకారం ఓడిన రాజు గెలిచిన రాజుకు స్వయంగా వడ్డించాలి. కేతభూపతి పులుసు గరిటె పట్టుకుని నడుం వంచాడు. భోజనమయ్యాక ఓడిన రాజు అడపకత్తె గెలిచిన రాజుకు ఆకు చుట్టి ఇవ్వాలి. కొరవిగట్టు రాజు రెండుసార్లు నమిలి మొహం చిట్లించాడు.

"ఏటేటా ఇదే రుచి! సున్నం ఎక్కువ. పాలగుట్టలో ఎవరి చేతికీ పట్టు లేదా ఏమిటి?"

ఇరవయ్యేళ్ళుగా తమలపాకుల సంచి మోస్తున్న అడపకత్తె చెన్నసాని తల వంచుకుని విన్నది. ఆమె చేతి ఆకుకి ఇంతవరకూ వంక పెట్టినవాడు లేడు.

'ఇక ఈ మనిషికి ఆకు చుట్టను' అనుకుంది. అనుకున్నంత తేలిక కాదు. అది జరగాలంటే పాలగుట్ట గెలవాలి.

మళ్ళీ ఆట దగ్గర పడింది. కేతభూపతి సభలో ఒక చిక్కు పెట్టాడు.

"చాప మీద చోటు ఒక్కటి. దానికి ఇద్దరున్నారు. కొట్టడం ఒక పళ్ళెంలో, పట్టడం ఒక పళ్ళెంలో పెట్టి ఏది బరువో నా కళ్ళముందు తూచి చూపించండి. ఊరికే వాదించేవాళ్ళు నోరు మూసుకోండి."

దండనాయకుడు గుండమనాయుడు మీసం దువ్వాడు. జట్టులో అందరికంటే దూరం కొట్టేది తనే. ఓబుళనాయుడు ఆయనకు స్వయానా బావమరిది.

"తూచేదేముంది ప్రభూ? మావాడు కొడితే బిళ్ళ ఎనభై కర్రల దూరం పోతుంది. ఆ రెండోవాడు ఈరన్న, కోట కప్పు నేసేవాడు. వాడు కొడితే ఆరు కర్రలు. అదీ గాలి కలిసొస్తే!"

సభ నవ్వింది. ఈరన్న కూడా నవ్వాడు. తన సంగతి తనకు తెలుసు. కింద నుంచి విసిరిన పెంకుల్ని కప్పు మీద నిలబడి అందుకోవడం అతని పని. పదేళ్ళలో ఒక్క పెంకు పగలనివ్వలేదు.

చెన్నసాని ముందుకొచ్చింది. "నేను తూస్తాను ప్రభూ."

"ఆకులు లెక్కపెట్టడం కాదమ్మా ఇది" అన్నాడు దండనాయకుడు.

"అందుకేగా మీ సాయం అడుగుతున్నాను. రేపు పొద్దున మీరు పది దెబ్బలు కొట్టండి. కొట్టడమంటే ఏమిటో కోటంతా చూస్తుంది. బిళ్ళ తెచ్చిపెట్టడానికి ఐదు దెబ్బలకు మీ బావమరిది, ఐదు దెబ్బలకు ఈరన్న ఉంటారు."

కోటంతా చూస్తుందన్న మాట దండనాయకుడికి తేనెలా తగిలింది.

"తప్పితే?" అన్నాడు రాజు.

"అడపం మీ పాదాల దగ్గర పెట్టి మా ఊరు పోతాను."

పొద్దున్నే బరి చుట్టూ జనం. రాణివాసం మేడ మీదికి చేరింది. కేతభూపతి వస్తూనే అడిగాడు.

"తక్కెడ ఏదే?"

"వస్తుంది ప్రభూ. ముందు ఆట కానివ్వండి."

దండనాయకుడు మొదటి దెబ్బ కొట్టాడు. ఓబుళనాయుడు పరిగెత్తాడు, బిళ్ళ మాత్రం ఆగలేదు. రెండోది కాళ్ళ సందులోంచి పోయింది. మూడోది చేతుల్లో పడి జారింది.

"ఒరే, వేళ్ళ సందులు కుట్టించుకోరా!" అని దండనాయకుడే పడీపడీ నవ్వాడు.

ఐదు దెబ్బలకు కొలిస్తే మూడువందల నలభై కర్రలు! జనం ఈలలు వేశారు.

ఓబుళనాయుడు ఒగరుస్తూ పక్కకొచ్చాడు. ఈరన్న తలగుడ్డ బిగించి బరిలోకి దిగాడు.

మొదటి దెబ్బ. బిళ్ళ గాల్లోనే దొరికింది. గాల్లో దొరికితే కొలత లేదు. రెండోదీ అంతే. మూడోది దండనాయకుడు పళ్ళు బిగించి కొట్టాడు. ఈరన్న ఎగిరి ఒంటిచేత్తో అందుకున్నాడు. నాలుగోది నేలబారుగా వెళ్ళింది; పన్నెండు కర్రల దగ్గర ఆపేశాడు. ఐదోది మళ్ళీ చేతిలో.

మొత్తం పన్నెండు కర్రలు.

మేడ మీద ఎవరో కిసుక్కుమన్నారు. కేతభూపతి కనుబొమలు ఎగరేశాడు.

"ఏం గుండమనాయుడూ? గడియలోనే చెయ్యి చచ్చుబడిందా?"

దండనాయకుడి మొహం కందిపోయింది. చేతిలోని గోడు కర్రని నేలకేసి కొట్టాడు.

"నా చెయ్యి అదే ప్రభూ! దెబ్బా అదే! వాడు బిళ్ళని నేల తాకనిస్తేగా!"

చెన్నసాని చేతులు జోడించింది.

"తక్కెడ ఏదని అడిగారుగా ప్రభూ. ఇదిగో, మాట్లాడింది."

 కేతభూపతి పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఆటలో ఒక్కొక్కడు కొట్టేది ఒక్కసారే; ఆ దెబ్బకి మీ బావమరిదికి డెబ్భైనాలుగు కర్రలు ఎక్కువ. నిజమే. కానీ పట్టడం ప్రతి దెబ్బకీ ఉంటుంది; ఐదు దెబ్బల్లోనే ఈరన్న మిగిల్చింది మూడువందల ఇరవై ఎనిమిది! ఇక చెప్పు దండనాయకా, ఏ పళ్ళెం దిగింది?"

దండనాయకుడు నోరు తెరిచేలోపు ఓబుళనాయుడే అందుకున్నాడు.

"బావా, నన్నొదిలెయ్. నాకసలు ఎండ పడదు!"

ఈసారి దండనాయకుడికీ నవ్వు ఆగలేదు.

రాజు తన చేతి కడియం తీసి ఈరన్నకు తొడిగాడు. చెన్నసాని వైపు తిరిగి, "నీకేం కావాలో అడుగు" అన్నాడు.

"ఏటేటా చాప మీద ఎవరు కూర్చోవాలో నన్ను చెప్పనివ్వండి."

"అంతేనా?"

"దానితోనే నా పని జరిగిపోతుంది ప్రభూ."

ఆ ఏడు కొరవిగట్టు రాజుకు చెన్నసాని ఆకు చుట్టలేదు. ఆ తరవాత కూడా చుట్టలేదు.