దాలినాయుడి గడ్డి మిషను

ఎవరు ఏం అడిగినా కూర్మయ్యగారు వెంటనే జవాబు చెప్పేవారు కాదు. అడిగినవాణ్ణి కూర్చోబెట్టి, తాను ఎరిగిన మనిషి సంగతి ఒకటి చెప్పి ఊరుకునేవారు. ఉద్దానంలో కొండవాలున ఉన్న ఆయన ఆశ్రమంలో మేము ఏడుగురం శిష్యులం. జీడితోట పనంతా మాదే.

ఒక శ్రావణమాసం ఉదయం జోగినాథం గడ్డి కోసే మిషను భుజాన తగిలించుకుని తోటలోకి బయలుదేరాడు. బ్లేడును కప్పుతూ వెనకవైపు ఉండవలసిన గార్డు దానికి లేదు. తడిగడ్డి అందులో ఇరుక్కుని పని సాగనివ్వడం లేదని విప్పేశాడు. గురువుగారు అది చూసి ఆగమన్నారు.

"మూడేళ్ళుగా ఇలాగే కోస్తున్నానండి. ఒక్కనాడూ ఏమీ కాలేదు. ఏమీ కానిదాన్ని తప్పని ఎలా అనుకోవాలి?" అన్నాడు జోగినాథం. అతను ఎదురు చెప్పడం లేదు. నిజంగానే అడుగుతున్నాడు.

గురువుగారు అరుగు మీద చోటు చూపించారు. దాలినాయుడి సంగతి చెప్పారు.

దాలినాయుడు ఆ చుట్టుపక్కల తోటల్లో పేరున్న పనివాడు. తన ఒంటి విషయంలో మహా జాగ్రత్త. మోకాళ్ళదాకా బూట్లు, కళ్ళకు అద్దాలు, చెవులకు మూతలు లేకుండా మిషను స్టార్ట్ చేసేవాడు కాదు. గార్డును మాత్రం మిషను కొన్న వారానికే విప్పి అటక మీద పడేశాడు. గడ్డి ఇరుక్కున్నప్పుడల్లా ఇంజను ఆపి శుభ్రం చేయాలంటే అతనికి చిరాకు. "రాయి ఎగిరితే నా బూటుకే కదా తగిలేది" అనేవాడు. బూటుకు తగలని రాయి ఎటు పోతుందని ఎప్పుడూ ఆలోచించలేదు. అలా పదకొండేళ్ళు గడిచాయి.

అతణ్ణి చిన్నప్పటినుంచీ పెంచింది వదిన తవిటమ్మ. అన్న పోయాక కూడా ఇద్దరిదీ ఒకే ఇల్లు. మధ్యాహ్నం తోటకు అన్నం ఆమే తెచ్చేది. మిషను ఆడుతుంటే దగ్గరికి రావద్దని, కంచె దగ్గరే నిలబడమని అతను చెప్పాడు. ఆమె ఎన్నడూ ఆ మాట దాటలేదు.

ఆ రోజు మబ్బు కమ్ముకొచ్చింది. ఆమె కంచె దగ్గరనుంచి రెండుసార్లు పిలిచింది. చెవులకు మూతలుండటంతో అతనికి వినబడలేదు. చినుకులు పడితే అన్నం తడిసిపోతుందని ఆమె అతని వెనకవైపుగా నడిచి వచ్చింది. గడ్డిలో దాగిన గులకరాయి ఒకటి బ్లేడుకు తగిలి, అతని కాలి పక్కనుంచి వెనక్కి దూసుకుపోయింది. అతనికి తెలియను కూడా లేదు. ఇంకో రెండు చెట్ల చుట్టూ గడ్డి కోసి వెనక్కి తిరిగేసరికి, వదిన నేల మీద కూర్చుని కొంగుతో ముఖం అదుముకుని ఉంది.

ఎడమకన్ను దక్కలేదు. ఎలా జరిగిందని ఆసుపత్రిలో డాక్టరు అడిగితే ఆమే చెప్పింది. "మిషను ఆడుతుంటే రావద్దని మా చిన్నోడు ఎన్నోసార్లు చెప్పాడు బాబూ. నేనే వినలేదు."

దాలినాయుడు ఆ మంచం పక్కనే నిలబడి ఉన్నాడు. గార్డు లేదన్న మాట చెప్పలేదు. సాయంత్రం ఆమెకు బట్టలు తేవడానికి ఇంటికి వెళ్ళినవాడు, తోట యజమాని వచ్చి చూస్తాడేమోనన్న భయంతో అటక మీది గార్డు దించి మిషనుకు బిగించాడు. బోల్టులు నాలుగే. పావుగంట కూడా పట్టలేదు. బిగించాక ఆమె బట్టలు మూటగట్టుకుని మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాడు.

ఊరంతా తవిటమ్మదే తొందరపాటు అనుకుంది. ఆమె కూడా అడిగినవాళ్ళందరికీ అదే చెప్పింది. దాలినాయుడు మళ్ళీ మిషను ముట్టలేదు. జీడిపిక్కలు కాల్చే బట్టీలో పనికి కుదిరాడు. పొగకు కళ్ళు ఎర్రబడి ఇంటికి వచ్చే మరిదిని చూసి ఆమె లోలోపల కుమిలిపోయేది.

ఒకనాడు ఎలాగైనా చెప్పేయాలని ఆమె పక్కన కూర్చున్నాడు.

"వదినా, ఆ రోజు మిషనుకి..." అన్నాడు.

ఆమె పూర్తి చేయనివ్వలేదు. "నా మూలంగా నీ చేతిలో పని పోయింది చిన్నోడా. నామీద కోపం పెట్టుకోకు" అంది.

దాలినాయుడు పెట్టుకోనన్నట్టు తల ఊపాడు.

గురువుగారు అక్కడ ఆపారు.

"తరవాతైనా చెప్పాడా అండి?" అని అడిగాడు జోగినాథం.

"ఆ చలికాలంలోనే ఆవిడ జ్వరంతో పోయింది" అన్నారు గురువుగారు.

జోగినాథం మళ్ళీ అడిగాడు. "అతను ఇప్పుడు ఎక్కడున్నాడండి?"

"ఏడాదికోసారి నా దగ్గరికి వస్తాడు" అన్నారు గురువుగారు. "రాయి సంగతి ఎత్తడు నాయనా. తల ఊపిన సంగతే చెబుతాడు."