చారులో లేచొచ్చిన నలుసు

నా చారుని నేనే మెచ్చుకుంటాను జాజీ. తిన్నవాళ్ళకి ఆ శ్రమ కూడా ఎందుకని! మీ అమ్మమ్మది అంత జాలిగుండె. ఇదిగో, దుప్పటి కప్పుకో. ఏమిటా గొణుగుడు? ముందు కథ విను.

అనగనగా, కొండ చాటున ఒక ఊళ్ళో ఒక మడుగు ఉండేది. పొయ్యి లేకుండానే కుతకుతా ఉడికేది. ఆ నీళ్ళు నోరు పొక్కేంత పులుపు. చేప బతకదు, కప్ప దూకదు. అందులో నలుసు అనే జీవి ఉండేది. ఎంతుంటుందంటావా? సూదిమొన మీద దాని చుట్టాలందరూ పడతారు.

ఆ ఊళ్ళోనే ఆదెమ్మ ఉండేది. నాలాగే జాలిగుండె, నాలాగే చారు బాగా పెడుతుంది. ఎక్కడికెళ్ళినా చేతిలో గరిట వదలదు. ఒకరోజు మోకాళ్ళకి ఆవిరి పట్టుకుందామని మడుగు దగ్గరికి వెళ్ళింది. అప్పుడు నీళ్ళలోంచి సన్నగా కూనిరాగం వినిపించింది.

"అయ్యో నా తండ్రీ! ఉడికిపోతూ ఏడుస్తున్నావా?"

"ఏడుపు కాదు మామ్మా, పాట..." అంటూనే ఉంది నలుసు. ఆదెమ్మ వింటేగా! గరిటతో ముంచి ఇంటికి పట్టుకుపోయింది.

ముందు గరిటలో చల్లటి కుండనీళ్ళు పోసింది. నలుసు గజగజ వణికింది. ఆ తర్వాత, పులుపు విరగాలని బెల్లంనీళ్ళు కలిపింది. నలుసు ముడుచుకుపోయింది. ఆ తర్వాత గరిటకి తడిగుడ్డ చుట్టి కిటికీలో గాలికి పెట్టింది. అంతే, గొంతు ఆగిపోయింది.

"నలుసూ! ఓ నలుసూ!"

పలుకు లేదు. బతికిద్దామని తెచ్చి చంపుకున్నానే అని, గుడ్డ విప్పిన గరిట చేతిలో పట్టుకుని ఏడ్చింది ఆదెమ్మ.

ఇంతలో పొయ్యి మీద చారు పొంగింది. అలవాటైన చెయ్యి, ఊరుకుంటుందా? ఏడుస్తూనే ఆ గరిటతోనే కలిపేసింది. కలిపాక గుర్తొచ్చింది, గరిటలో ఎవరున్నారో. నెత్తి కొట్టుకుంది.

అప్పుడు మరిగే చారులోంచి "అమ్మయ్య!" అని వినిపించింది. "ప్రాణం లేచొచ్చింది మామ్మా. కాకపోతే పులుపు చాలలేదు."

"నా చారుకే వంక పెడతావా!" అంటూనే ఆదెమ్మ గుప్పెడు చింతపండు పిసికి పోసింది. అప్పుడు మొదటిసారి అడిగింది, "నీకేం కావాలి నాయనా?"

"మా మడుగు."

ఆ తర్వాత చారు చల్లారకుండా గిన్నెని నిప్పుల కుంపటి మీదే మోసుకెళ్ళి, మడుగులో పోసింది. "చల్లగా ఉండు" అనబోయి, నాలిక కరుచుకుని, "వెచ్చగా ఉండు" అంది. ఆ పూట ఇంటిల్లిపాదీ మజ్జిగతోనే తిన్నారు.

నలుసు సెగకి, చారు మడుగుకి,
కథ కంచికి, జాజి నిద్దరకి.

ఏంటే, దుప్పటి తన్నేస్తున్నావు? ఉక్కపోస్తోందా? ఇందాక గొణిగింది అదేనా! ఏం చెయ్యనే తల్లీ, అడిగి కప్పడం నాకింకా రాలేదు.