ఎడమ తక్కువ, కుడి తక్కువ

మద్దిలేటికి ఆ వారం రెండు కష్టాలు ఒకేసారి వచ్చిపడ్డాయి. పెళ్ళాం అలిగి ఎమ్మిగనూరులో పుట్టింటికి పోయింది. శేషఫణి గారింట్లో స్టీరియో ఎన్నిసార్లు బాగుచేసినా బాగవడం లేదు.

మద్దిలేటి కర్నూల్లో మా వీధిలోనే, దస్తగిరి ఉస్తాద్ దగ్గర పని నేర్చుకుని అక్కడే చేస్తున్నాడు. స్టీరియోలు, యాంప్లిఫయర్లు రిపేరు చేసే షాపు అది. దానికి బోర్డు లేదు. లోపల మోగే స్పీకర్ల మోత వింటూ వెళ్తే ఎవరైనా షాపుకే చేరతారు. మద్దిలేటి చెయ్యి మంచిదే, నేనెందుకు కాదనాలి! నోరే కాస్త దురుసు. ఏ గొడవైనా సరే, తప్పు ఎదుటివాళ్ళదని ముందే తేల్చేస్తాడు.

భార్య సుంకమ్మతోనూ అంతే. పగలంతా షాపులో ఆ మోత విని చెవులు దిమ్మెక్కిపోయి ఇంటికొస్తాడు. గిన్నె చప్పుడైనా విసుక్కుంటాడు. ఆమేమో పొద్దుటినుంచీ ఒక్కతే కూర్చుని, మొగుడు గడప తొక్కగానే మాటలు మొదలుపెడుతుంది. ఒకరోజు "కాసేపు నోరు కట్టేస్తావా?" అన్నాడు.

"ఊళ్ళో స్పీకర్లన్నీ ఏం మాట్లాడినా వింటావు. నా మాటకి మాత్రం నీకు చెవుల్లేవు," అంది సుంకమ్మ. సంచి సర్దుకుంది. "నువ్వొచ్చి పిలిచేదాకా రాను," అని చెప్పి మరీ బస్సెక్కింది.

పాపం, వాడికి ఇల్లు ఇల్లులా లేదు. మూడుపూటలా హోటలు తిండి. కానీ పట్టు మాత్రం వదల్లేదు.

"తప్పు ఆమెది ఉస్తాద్. తప్పు చేసినోళ్ళే రావాల. నేనైతే పోను," అన్నాడు.

ఉస్తాద్ చేతిలో పని మీంచి తలెత్తలేదు. "శేషఫణి సార్ ఇంటి పని ఏమైంది?" అని అడిగాడు.

"అదీ వాళ్ళ తప్పే!"

"చెప్పు," అన్నాడు ఉస్తాద్.

శేషఫణి గారు రిటైరైన పోస్టుమాస్టరు. సాయంత్రం కాఫీ అయ్యాక ఆయనా, భార్య విశాలాక్షమ్మగారూ హాల్లో కూర్చుని నాదస్వరం క్యాసెట్లు పెట్టుకుంటారు. ఎడమ స్పీకరు తక్కువ పలుకుతోందని అమ్మగారు కబురు పెట్టారు. మద్దిలేటి వెళ్ళాడు. షాపులో అలవాటైన పద్ధతిలోనే వెతికాడు. ఎడమ స్పీకరు వైరు కుడికి, కుడి వైరు ఎడమకి మార్చి పెట్టాడు. జబ్బు మిషన్‌లో ఉంటే వైర్లతోపాటు ఆ నీరసం కూడా అవతలి స్పీకరుకి పోతుంది. స్పీకర్లోనే ఉంటే ఉన్నచోటే ఉంటుంది. ఇక్కడ అటూ పోలేదు, ఇటూ ఉండలేదు. మిషన్ ముందు గొంతుక్కూర్చుని ఎంతసేపు విన్నా రెండూ సమానంగానే పలికాయి.

అయినా అమ్మగారు తక్కువే అన్నారు. సరే పొమ్మని, ఏ పక్క ఎంత పలకాలో సరిచేసే బ్యాలెన్స్ నాబ్ ఎడమవైపుకి కాస్త తిప్పి వచ్చేశాడు. మర్నాడు పొద్దున్నే సార్ ఫోను: "ఏమయ్యా, కుడిది పూర్తిగా పడుకుంది." వెళ్ళి కుడివైపుకి తిప్పాడు. ఆ మర్నాడు అమ్మగారి ఫోను!

"వాళ్ళకి కావాల్సింది మెకానిక్కు కాదు ఉస్తాద్, పంచాయితీ పెద్దమనుషులు. మిషన్ బంగారంలా ఉంది. మీ చెవులే పాడయ్యాయని మొహమ్మీదే చెప్పేసి వస్తా."

ఉస్తాద్ ఫ్యాను కట్టేసి చెప్పులేసుకున్నాడు. "పద బేటా, నేనూ వస్తా."

శేషఫణి గారి హాల్లో గోడకి ఆ మూలొక స్పీకరు, ఈ మూలొక స్పీకరు. నడుమ బల్లమీద మిషన్. సార్ కుర్చీ కిటికీ పక్కన, ఎడమ స్పీకరుకి ఆనుకుని ఉంది. పేపరుకి వెలుతురు కావాలిగా! అమ్మగారి కుర్చీ వంటింటి గుమ్మం దగ్గర, కుడి స్పీకరు కింద ఉంది. పొయ్యిమీద ఓ కన్నేసి ఉంచాలిగా మరి! ఇద్దరి మధ్యా హాలంతా ఖాళీ.

అమ్మగారు కాఫీ ఇచ్చారు. ఉస్తాద్ మిషన్ వైపు వెళ్ళనే లేదు. చాపమీద కూర్చుని కాఫీ తాగుతూ, క్యాసెట్ పెట్టించాడు.

"విను భాయ్, ఎడమది ఎలా మూలుగుతోందో," అన్నారు అమ్మగారు.

"మూలగడమా? నా చెవిలో అరుస్తుంటే! కుడిదే మూగనోము పట్టింది," అన్నారు సార్.

"మీకు పేపరుంటే పక్కన పిడుగు పడ్డా వినపడదు లెండి."

"నీకు కుక్కరు విజిలు తప్ప ఇంకేదీ సంగీతంలా ఉండదు!"

చూశావా అన్నట్టు మద్దిలేటి ఉస్తాద్‌ని మోచేత్తో పొడిచాడు. ఉస్తాద్ గ్లాసు కింద పెట్టాడు.

"సార్, ఒక్క నిమిషం లేవండి. అమ్మా, మీరు కూడా. మీరు అక్కడ, మీరు ఇక్కడ."

"అక్కడ వెలుతురుండదయ్యా," అని గొణుగుతూనే సార్ వెళ్ళి భార్య కుర్చీలో కూర్చున్నారు. అమ్మగారు కిటికీ దగ్గరికొచ్చారు. క్యాసెట్ మొదటినుంచి పెట్టారు.

సార్ తల ఒకవైపుకి వంచి విన్నారు.

"ఇదేమిటి, కుడిది దివ్యంగా ఉందే! ఎడమదే కాస్త..." అని సగంలో ఆగిపోయారు.

విశాలాక్షమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. "ఇక్కడ చెవులు చిల్లులు పడుతున్నాయండీ! ఈ మోతలో రోజూ పేపరెలా చదువుతున్నారు, పాపం!"

"నీకు మాత్రం? ఇక్కడ కూర్చుంటే ఒకపక్క ఇది, ఒకపక్క ఆ కుక్కరు. నాకెప్పుడైనా చెప్పావా?"

"చెప్తూనే ఉన్నాగా. ఎడమది తక్కువని!"

ఇద్దరూ పగలబడి నవ్వారు. మద్దిలేటి ఒక్కడే నవ్వలేదు.

"నేను వైర్లన్నీ మార్చి చూశా ఉస్తాద్," అన్నాడు మెల్లగా.

"చూశావు. ఈ కుర్చీల్లో కూర్చున్నావా?"

మద్దిలేటి ముందు సార్ లేచి చోటిస్తే గుమ్మం దగ్గరి కుర్చీలో కూర్చుని విన్నాడు. తర్వాత కిటికీ దగ్గరికెళ్ళి, అమ్మగారు లేచి చోటిస్తే అక్కడా కూర్చుని విన్నాడు. అంతసేపూ వాడి నోట ఒక్క మాట రాలేదు. మా వీధిలో చెబితే ఎవరూ నమ్మరు.

ఉస్తాద్ బ్యాలెన్స్ నాబ్‌ని సరిగ్గా నడిమికి తెచ్చాడు. కుర్చీలు రెండూ ఈడ్చి మిషన్‌కి ఎదురుగా, పక్కపక్కనే వేశాడు.

"కొత్త పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ అనుకుంటారు చూసినవాళ్ళు," అన్నారు అమ్మగారు సిగ్గుపడుతూ.

"అనుకోనీ. ముందు కూర్చో," అన్నారు సార్.

దారంతా మద్దిలేటి నోరు మెదపలేదు. మామూలుగానైతే కస్టమరు ఇంటినుంచి షాపుకొచ్చేలోగా వాళ్ళ తాతముత్తాతల్ని కూడా దులిపేసేవాడు. ఆ సాయంత్రం షాపు కట్టేసేదాకా ఉస్తాద్ కూడా వాణ్ణి కదిలించలేదు.

మర్నాడు పొద్దున ఉస్తాద్ షట్టరు ఎత్తేసరికి మద్దిలేటి ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు. తలకి నూనె రాసి, నున్నగా దువ్వుకుని వచ్చాడు. ఒక చేతిలో మల్లెపూల పొట్లం. అలవాటుకొద్దీ భుజానికి టూల్ బ్యాగు కూడా ఉంది.

"ఈరోజు సెలవు కావాల ఉస్తాద్."

"ఎక్కడికి?"

"ఎమ్మిగనూరుకి."

ఉస్తాద్ మొహంలో నవ్వు తొంగిచూసింది. దాన్ని మీసం కింద దాచుకున్నాడు. "అయితే తప్పెవరిదో తేలిందా?"

"తేల్లేదు," అన్నాడు మద్దిలేటి, నేల చూపులు చూస్తూ. "పగలంతా మా ఇంట్లో ఒక్కణ్ణే ఎప్పుడూ కూర్చోలేదు ఉస్తాద్. నిన్న రాత్రి కాసేపు కూర్చున్నా. నావల్ల కాలేదు."

బజారు చివర ఎమ్మిగనూరు బస్సు హారన్ కొట్టింది. మద్దిలేటి పరుగు అందుకోబోయాడు.

"బేటా," అని పిలిచాడు ఉస్తాద్. "టూల్ బ్యాగు ఇక్కడ పెట్టి పో."