పూలు ఎవరు కాజేశారు?

పూర్వం ఒక రాజుకు నిద్ర కరువైతే, పారశీకం నుంచి వచ్చిన హకీం కాజిం బనఫ్షా నూనె చేయబూనాడు. ఎలాగంటే, రాజుగారి తోటలో పూసే బనఫ్షా అనే నీలిపూలు నువ్వుల మీద పరచాలి. వాడినవి తీసేసి కొత్తవి పరుస్తూ ఉండాలి. నువ్వులకు పూల గుణం పట్టాక గానుగాడించాలి.

హకీం పూలు పరిచి ఇచ్చిన నువ్వులను గానుగాడించి, గానుగ నడిపే గవరమ్మ నూనె తెచ్చింది. హకీం జన్మలో గానుగ చూసి ఎరగడు.

"పది శేర్ల నువ్వులిస్తే నాలుగు శేర్ల నూనా? దొంగ! ప్రభూ, దీని గానుగనూ ఎద్దునూ లాగేసుకోండి!"

"మిగతాది నువ్వుల చెక్కయింది బాబయ్యా."

"సాకులు!"

రాజు అయోమయంగా ఇద్దరినీ చూశాడు. ఎద్దు పోతే గవరమ్మ ఇంట్లో పొయ్యి వెలగదు.

"సరే, నేను దొంగనే. మరి తమరు ఇరవై బుట్టల పూలు పరిచినా నువ్వులు పది శేర్లే ఉన్నాయే! ఆ పూలు ఎవరు కాజేశారు?"

"అవునయ్యా, నా తోట పూలేవి?" అన్నాడు రాజు.

హకీం కంగారుపడ్డాడు. "ప్రభూ, సారం నువ్వుల్లోకి దిగింది. మిగిలింది పిప్పి. పిప్పికి ఎవరైనా లెక్క అడుగుతారా?"

"నేనైతే అడగను బాబయ్యా," అంది గవరమ్మ. "తమరే అడిగారు."

ఏది సారమో ఏది పిప్పో రాజుకు ఇంకా తేలలేదు గానీ, ఎద్దు జోలికి మాత్రం వెళ్లొద్దన్నాడు.